వేదికకు వీపు పెట్టి కూర్చున్నాయన

నాది మొదటినుంచీ అనుమానపు బుద్ధి. పాలవాడు చెంబు దించకముందే వేలు ముంచి చూస్తాను. కూరగాయలమ్మి తక్కెడ ఎత్తితే ముందు ఖాళీ తక్కెడ చూపించమంటాను. ఎనభై దగ్గరపడ్డా ఆ గుణం పోలేదు. మొన్న ఓట్ల లిస్టు రాసుకోవడానికి ఒకాయన వస్తే, కిటికీలోంచి ఆయన చెప్పులూ సంచీ కాగితాలూ అన్నీ చూసుకున్నాకే తలుపు దగ్గరికి కదిలాను. ఈలోపు నా మునిమనవరాలు నాకంటే ముందు పరుగెత్తింది. దానికింకా మూడేళ్లు నిండలేదు.

"మీ నాయన ఏడమ్మా?" అని అడిగాడాయన.

దాని నాయన లోపల అన్నం తింటున్నాడు. కంచం చప్పుడు వీధిలోకి వినిపిస్తూనే ఉంది. పిల్ల ఆయన ముఖం చూసింది, వెనక్కి తిరిగి నా ముఖం చూసింది, గడ్డాన్ని మెడలోకి దించి "తెల్వదు" అంది.

ఓట్లాయన పకపకా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. చింతగింజలు గుర్తొచ్చాయి, వాటితోపాటు ఆ మనిషీ గుర్తొచ్చాడు. ఆయన పేరు అప్పుడే నాకు సరిగ్గా తెలియదు, ఇప్పుడు అసలే తెలియదు. ఊరంతా 'మాటలాయన' అనేవాళ్లు.

రెండో పెద్ద యుద్ధం రావడానికి ఒక ఏడాది ముందు, ఎండాకాలం మొదట్లో, గద్వాల వైపునుంచి పుట్టిలో కృష్ణ దాటి ఆయన మా ఆత్మకూరుకు వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. బక్కమనిషి. ఎంత ఎండైనా తీయని నల్లకోటు, దానికి రెండు పెద్ద జేబులు. భుజాన గుడ్డసంచి, సంచిలో ఎర్రబట్ట అట్ట వేసిన లావుపాటి పుస్తకం. మాట కోస్తా మాట. 'ఏమిటండీ', 'లేదండీ' అంటుంటే మా పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు.

మా ఆయన అప్పట్లో పిల్లలకు తెలుగు చెప్పేవాడు. మా ముందు గదే ఊరి పఠనాలయం. రెండు బెంచీలు, ఒక బీరువా, నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చే పత్రికలు. మాటలాయన తిన్నగా అక్కడికే వచ్చాడు.

"పసిపిల్లలు మొదట ఏ మాటలు పలుకుతారో, ఎవరి దగ్గర పలుకుతారో రాసుకుంటున్నానండీ. పెద్దవాళ్లు సభల్లో పైకి చెప్పకుండా చెప్పేదేమిటో అదీ రాసుకుంటున్నాను" అన్నాడు.

"రెండింటికి ఏం సంబంధమున్నది పంతులూ?" అన్నాడు మా ఆయన.

"రెండూ ఒకటేనండీ. మాట తెలియని పిల్ల తల్లి ముఖం చూసి అర్థం చేసుకుంటుంది. సభలో జనమూ అంతే. వక్త ఏమన్నాడో వింటారు, ఎందుకన్నాడో పక్కవాడి ముఖంలో చూసుకుంటారు."

"మరి నిన్నెవరు పంపిండ్రు?"

"ఎవరూ పంపలేదు."

తలుపు చాటున నిలబడి వింటున్న నాకు ఆ జవాబుతోనే అనుమానం మొదలైంది. ఎవరూ పంపకుండా, జీతమూ భత్యమూ లేకుండా, ఎండలో ఊరూరూ తిరిగి చంటిపిల్లల మాటలు రాసుకునే మనిషి ఉంటాడంటే ఏ ఆడది నమ్ముతుంది? అవి సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావలసిన రోజులు. ఎవరేం మాట్లాడారో మర్నాటికి అమీను బల్లమీద ఉండేది. అమీనంటే మాకు పోలీసు, పోలీసంటే జైలు.

నా అనుమానానికి నూనె పోసినవాడు ఇంకొకడున్నాడు. అమరచింత నుంచి వారానికి రెండుసార్లు వచ్చి పఠనాలయంలో కూర్చునే గుమాస్తా. ఒకరోజు మంచినీళ్లు అడిగే వంకతో గుమ్మం దాకా వచ్చి, "వదినా, జర పైలం. ఆయన పంతులు కాదు, పోలీసోడు. అన్నకు నువ్వన్న చెప్పు" అన్నాడు.

చెప్పాను. మా ఆయన నవ్వేశాడు. "నీకు నీ నీడ మీద గూడ అనుమానమే" అన్నాడు.

మాటలాయన దినమూ పొద్దున పది గంటలకు మా అరుగుమీదికి వచ్చేవాడు. నా బిడ్డకు అప్పుడు రెండేళ్లు. దాంతో ఆడేవాడు కాదు, ముద్దు చేసేవాడు కాదు, పక్కన ఊరికే కూర్చునేవాడు. కోటు ఎడమ జేబులో గుప్పెడు చింతగింజలు. పిల్ల ఎవరూ అందించకుండా, తనంతట తాను కొత్త మాట పలికితే ఎడమ జేబులోంచి ఒక గింజ తీసి కుడి జేబులో వేసుకునేవాడు. పిల్ల ముందు పుస్తకం తీసేవాడు కాదు. రాస్తుంటే చూస్తే పిల్లలు మాట మింగేస్తారట. అది వెళ్లి ఇసకలో ఆడుకుంటున్నప్పుడు కుడి జేబులోని గింజలు అరుగుమీద పోసి, ఒక్కొక్కటీ పక్కకు జరుపుతూ ఏ గింజకు ఏ మాటో జ్ఞాపకం చేసుకుని రాసేవాడు. ఒక్క గింజకు మాట గుర్తు రాకపోతే దాన్ని వేళ్లమధ్య తిప్పుతూ మధ్యాహ్నం దాకా కూర్చునేవాడు. రొట్టె పెడితే రొట్టె చల్లారిపోయేది.

గద్వాలలో ఒక ఇంట్లో పిల్లవాడు తల్లిని 'రా' అని, బర్రెను కన్నడంలో 'బా' అని పిలిచేవాడట. తల్లిది ఈ ఊరు, బర్రె రాయచూరు వైపునుంచి వచ్చింది. "బర్రెతో దాని భాషలోనే మాట్లాడాలని రెండేళ్లవాడికి ఎవరు చెప్పారమ్మా?" అని నన్ను అడిగి తనే సంతోషపడ్డాడు.

మా ఇంట్లో ఆయనకు దొరికిన పెన్నిధి వేరే ఉంది. నేను మొగుడి పేరు ఎత్తకూడదు కదా. "ఇగో, జర ఇటు రాండ్రి", "ఇగో, జర ఇనుండ్రి" అని పిలిచేదాన్ని. విని విని నా బిడ్డ వాళ్ల నాయన పేరే ఇగో అనుకుంది. ఆయన వీధి మలుపులో కనిపిస్తే "ఇగో వచ్చిండు, ఇగో వచ్చిండు" అని ఎగిరేది. మాటలాయన అది మొదటిసారి విన్నరోజు గింజ జేబులోకి వేయడం మరిచిపోయి చేతిలోనే పట్టుకుని నవ్వాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. పోలీసువాడు ఇట్లా నవ్వుతాడా అని నాకు ఒక్క క్షణం సందేహం కలిగింది. నవ్వడం కూడా వాళ్లకు నేర్పుతారేమోనని వెంటనే సర్దుకున్నాను.

ఆయన్ను పరీక్ష కూడా చేశాను. "గురువారం మా ఇంటాయన వనపర్తికి పోతుండు, ఎవరినో కలుస్తడట" అని ఆయనకు వినిపించేటట్టు పక్కింటామెతో అబద్ధం చెప్పాను. నిజంగా వేగులవాడైతే గురువారం జవాన్లు రావాలి. గురువారం పొద్దుటినుంచీ గుమ్మంలో కూర్చున్నాను. ఒక్క పురుగు రాలేదు. అనుమానం తీరాలి కదా? తీరలేదు సరికదా రెట్టింపయింది. తెలివైన పోలీసువాడు విన్నది వెంటనే వాడుకోడు, దాచుకుంటాడు అనుకున్నాను.

ఇప్పుడు ఆ మాట సంగతి చెప్పాలి. ఒకరోజు మా ఆయన పెరట్లో బట్టలు ఆరేస్తున్నాడు, తీసి ఉన్న తలుపుల్లోంచి అరుగుమీదికి కనిపిస్తూనే ఉన్నాడు. మాటలాయన పిల్లను ఊరికే అడిగాడు, "మీ ఇగో ఏడమ్మా?" అని. పిల్ల నా వైపు చూసింది. గడ్డం మెడలోకి దించింది. "తెల్వదు" అంది.

ఆయన చేయి ఎడమ జేబులోకి వెళ్లింది, గింజ తీయకుండా అక్కడే ఆగింది.

"ఎవరు నేర్పారమ్మా దీనికి?"

"తెల్వదు" అన్నాను నేను.

ఆయన నవ్వలేదు. "నాగర్‌కర్నూలులోనూ ఇంతే. గోపాల్‌పేటలోనూ ఇంతే. 'వద్దు' అనడం రాని పిల్లలకు కూడా ఈ మాట వస్తోంది. మా వైపు ఈ వయసుకు రాదు. తెలియకపోవడమంటే ఏమిటో పిల్లలకు తెలియడానికి ఇంకా ఏళ్లు పట్టాలి. మీ పిల్లలకు ఇంత తొందరేమిటమ్మా?" అన్నాడు.

ఏమని చెప్పను? పొద్దు పొడవకముందే పటేలు మనిషి గుమ్మంలో నిలబడి, పైసా ఇవ్వని వెట్టిపనికి మగవాళ్లను పిలిచేవాడు. 'మీ నాయన ఏడి' అని చంటిపిల్లను అడిగితే అది గాదె వెనక్కి వేలు చూపించేది. అట్లా ఒక ఇంటాయన దొరికిపోయి జ్వరంతో బండి తోలి దారిలోనే పోయాడు. అప్పటినుంచి మా వైపు తల్లులు ఉగ్గుపాలతోనే ఆ మాట నేర్పేవాళ్లు. పిల్ల సరిగ్గా అంటే బెల్లంముక్క. నేనూ నేర్పాను. మా ఇంటిమీదికి వెట్టి రాదు, అయినా అమీను రావచ్చు కదా. ఇదంతా ఆయనకు చెప్పడమంటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టేనని, పిల్లను చంకనేసుకుని లోపలికి వెళ్లిపోయాను.

తరువాత పఠనాలయం వార్షికసభ వచ్చింది. తహసీలు నుంచి అనుమతి తెచ్చుకున్నారు. వక్త మా ఆయన, విషయం పశుపోషణ. వెట్టి అన్న మాట నోట రాకూడదని షరతు. నేను ఆడవాళ్లతో తడిక వెనక కూర్చున్నాను.

ఊరంతా ఒకదారి అయితే ఉలిపికట్టెది ఒకదారి. అందరూ వేదికవైపు తిరిగి కూర్చుంటే మాటలాయన ముందు వరుసకూ ముందు, వేదికకు వీపు పెట్టి, జనానికి ఎదురుగా కూర్చున్నాడు. వక్త ముఖం చూడడు, వినేవాళ్ల ముఖాలు చూస్తాడు. దగ్గినవాడినీ, కండువా సర్దుకున్నవాడినీ, పక్కవాడి మోకాలు తట్టినవాడినీ చూస్తూ గింజలు మారుస్తుంటాడు. "నవ్వినవాడిని వదిలెయ్యండి. నవ్వు ఆపుకున్నవాడికే బాగా అర్థమైనట్టు" అని అంతకుముందు మా ఆయనతో అంటుంటే విన్నాను. పోలీసువాడు చూడవలసిందీ సరిగ్గా వాళ్లనే కదా!

మా ఆయన లేచి ఎడ్ల గురించే మాట్లాడాడు. "ఎద్దుకు కాడి కట్టేముందు నీళ్లు చూపిస్తం. వనపర్తి దాక బండి లాగి వస్తే తవుడు కలిపి పెడతం. కాలు కుంటితే విప్పి ఇంటికాడ కట్టేస్తం. గొడ్డుకు చేసే ఈ మాత్రం మర్యాద ఎవరికి తెల్వదు?" అన్నాడు. అని చాలాసేపు ఊరుకున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ నిశ్శబ్దంలో ఒక ముసలి కుమ్మరి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. జీవితమంతా ఊరికి వచ్చిన ప్రతి అధికారికీ ఉత్త పుణ్యానికి కుండలు మోసిన మనిషి.

సభ అయ్యాక మాటలాయన నేరుగా ఆ ముసలాయన దగ్గరికి వెళ్లాడు. నేను తడిక పక్కనే ఉన్నాను.

"తాతా, ఏం చెప్పాడాయన?"

"ఎడ్ల గురించి చెప్పిండు దొరా."

"మరి నువ్వెందుకు ఏడ్చావు?"

ముసలాయన నేల చూశాడు. "నాకు ఎడ్లు లెవ్వు దొరా" అన్నాడు.

 మాటలాయన ముసలాయన భుజంమీద చేయివేసి, తరువాత దీపం దగ్గరికి పోయి రాసుకున్నాడు.  ఆ ఒక్క మాట చాలు ముసలాయనను చావగొట్టడానికి. దానికి పైన రాసుకున్న ఎడ్ల మాటలు చాలు మా ఆయనను జైల్లో వేయడానికి.

మర్నాడు పొద్దున ఆయన సంచి మా అరుగుమీద పెట్టి బావికి స్నానానికి వెళ్లాడు. నేను పుస్తకం తీశాను. మా ఆయన పుణ్యమా అని నాకు చదువు వచ్చు. ముందు పేజీల నిండా పిల్లల మాటలు. చివర సభ సంగతి. 'ఇగో ఎద్దు గురించి చెప్పి ఆగాడు. మట్టితాత కళ్లు తుడుచుకున్నాడు. బుయ్యిమామ దగ్గాడు.' ఒళ్లు మండిపోయింది. నా బిడ్డ ముద్దుమాట తీసి నా మొగుడికి దొంగపేరు కడతాడా! పేర్లు మార్చి రాస్తున్నాడంటే ఇంకేం సాక్ష్యం కావాలి? గుమ్మం లోపలే నీళ్లకాగు కింద మంట మండుతోంది. పుస్తకం అందులోకి తోశాను. కాగితం భగ్గుమంది. ఎర్రబట్ట అట్ట మాత్రం ఒక మూల కాలక, పొయ్యి అంచున ముడుచుకుని ఉండిపోయింది.

ఆయన బావినుంచి తల తుడుచుకుంటూ రావడం, అమీను ఇద్దరు జవాన్లతో వాకిట్లోకి రావడం ఒక్కసారే జరిగింది. తమవాడని ఆయన్ను కాపాడడానికి వచ్చారా, కలుసుకోవడానికి వచ్చారా అని చూస్తున్నాను నేను. అమీను, అలికిడికి బయటికి వచ్చిన మా ఆయన వైపు చూడనే లేదు.

"నిన్న మీటింగుల ఎనకకు తిరిగి కూసోని, ఎవడేం చేసిండో రాసినవంట గదా. ఆ కితాబు తియ్యి" అన్నాడు మాటలాయనతో.

ఆయన కోటు తొడుక్కుని సంచి విప్పాడు. చేయి పెట్టాడు. బోర్లించాడు. ఒక పంచె, దువ్వెన, సిరాబుడ్డి పడ్డాయి. మళ్లీ చేయి పెట్టి అడుగు తడిమాడు. ఆయన ముఖం అట్లా తెల్లబడడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏడ దాసినవ్? ఎవరికిచ్చినవ్?"

ఆయన తల ఎత్తి చుట్టూ చూశాడు. గుమ్మంలో పిల్లను ఎత్తుకుని నేను. నా వేళ్లకు మసి. నా వెనక కాగు, పొయ్యి అంచున ఎర్రగుడ్డ. జనం ముఖాలు చదవడమే పనిగా పెట్టుకున్న మనిషికి నా ముఖం చదవడం ఎంతసేపు? ఇక ఆయన నోటివెంట నా పేరే వస్తుందనుకున్నాను.

అమీను చెంప చెళ్లుమనిపించాడు. "సచ్ బోల్! కితాబు ఏడున్నది?"

ఆయన గడ్డం మెడలోకి దించాడు.

"తెల్వదు" అన్నాడు.

అండీ లేదు, కోస్తా యాస లేదు. అచ్చం నా బిడ్డ అన్నట్టే అన్నాడు.

మా ఆయనను అడిగారు, ఎడ్ల గురించి చెప్పానన్నాడు. కుమ్మరి తాతను పిలిచి అడిగారు, ఎడ్ల గురించి విన్నానన్నాడు. ఊళ్లో ఎవరిని అడిగినా ఎడ్లే. కాగితంమీద ఏమీ దొరకలేదు గనుక మా ఆయనను హెచ్చరించి వదిలేశారు. మాటలాయనను వనపర్తికి తీసుకుపోయారు. నాలుగు రోజులు ఉంచుకుని, రైలెక్కించి మా సర్కారు సరిహద్దు దాటించారని తరువాత విన్నాం. మళ్లీ ఎవరమూ చూడలేదు.

మూడో రోజు మా ఆయనకు చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"ఆ పుస్తకంల ఒక్క మనిషి పేరన్న ఉన్నదానే?" అని అడిగాడు.

 ఇగో, మట్టితాత, బుయ్యిమామ. ఏ ఇంటి పిల్ల ఎవరిని ఏమని పిలిస్తే ఆయన వాళ్లకు ఆ పేరే రాశాడు. అమీను ఆ పుస్తకం తలకిందులుగా చదివినా ఒక్కడినీ పట్టుకోలేడు. రెండేళ్లు నాలుగు ఊళ్లలో ఎండలో తిరిగి పోగుచేసిందాన్ని నేను స్నానానికి నీళ్లు కాచుకోవడానికి తగలేశాను. నా బిడ్డ మొదటి మాటలన్నీ అందులోనే కాలిపోయాయి. దానికిప్పుడు అరవై. "చిన్నప్పుడు నేనేమేం మాట్లాడేదాన్నే?" అని అడిగితే ఇగో, తెల్వదు తప్ప నాకు ఒక్కటీ జ్ఞాపకం లేదు.

ఆ అమరచింత గుమాస్తా ఆ వారం నుంచి పఠనాలయానికి రావడం మానేశాడు. మాటలాయన పోలీసువాడని నా చెవిలో మొదట వేసింది ఎవరో, ఎందుకో ఆలోచించడానికి నాకు పదేళ్లు పట్టింది. అందరినీ అనుమానించినదాన్ని, మంచినీళ్లు అడిగినవాడిని మాత్రం అనుమానించలేకపోయాను. ఇప్పటికీ రుజువు లేదు. నాకు సిగ్గుగా మాత్రం ఉంది.

ఇంకొకటి ఉంది, అది మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆ పొద్దున, ఆయన 'తెల్వదు' అన్నాక, అమీను అటు తిరిగి జవాన్లకు ఏదో చెబుతున్నాడు. మాటలాయన చెంపమీద నాలుగు వేళ్ల గుర్తులు ఎర్రగా తేలుతున్నాయి. ఆయన నా వైపు చూడలేదు, నా చంకలో ఉన్న పిల్ల వైపు చూశాడు. ఎడమ జేబులో చేయి పెట్టి ఒక చింతగింజ తీశాడు. దాన్ని కుడి జేబులో వేసుకున్నాడు.